పదకొండు రోజాలు

తిరువూరు
18 జులై 2025

షహనా తల్లికి అమ్మ దువాలు. మేము ఉన్నాం.

ఆదివారం ఫోనులో నువ్వు ఏడవడం, నేను ఏడవడం, నీ వెనక లైన్లో ఉన్న పిల్లలు త్వరగా కానివ్వమని అరవడం, హాస్టలువాళ్ళిచ్చే అయిదు నిమిషాలూ దీనికే పోతున్నాయి. అందుకని ఉత్తరాలు రాసుకుందామన్నావు. మంచిదే. నేను చదివింది అయిదో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే నీ స్నేహితురాళ్ళకి చూపించకు. ఇది రెండు పూటలు కూర్చుని రాశాను.

హాస్టలు నుంచి నువ్వు పంపిన కాగితం అందింది. ఆయాసం ఉన్న పిల్లలకి ఏడాది పొడుగునా మందు ఇస్తారని, నెలకోసారి డాక్టర్లు అక్కడికే వచ్చి చూస్తారని, ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలని ఉంది. మీ నాన్న చదివి, కాగితం నా ఒళ్ళో పెట్టి పరుపుల కొట్టుకి వెళ్ళిపోయారు. ఆయన ఎప్పుడూ అంతే. కష్టమైనవన్నీ నా ఒళ్ళోకే.

నేను పెట్టను షహనా.

రోజూ రెండు పూటలా మందు పంపు పీల్చాలట. ఆయాసం లేని రోజు కూడా పీల్చాలట. మీ అన్న పోయిన రోజు ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని, గంపలగూడెం రోడ్డు మలుపు నుంచి ఆసుపత్రి గేటు దాకా ఆ పంపు నొక్కుతూనే ఉన్నాడు. ఎన్నిసార్లు నొక్కాడో నాకు తెలుసు. నీకు చెప్పను. ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు ముబీన్‌కి. ఆరు నెలలైంది. వాడి చొక్కాలు ఇంకా ఉతికి కొక్కేనికి తగిలిస్తున్నాను. ముందు గదిలో దూది ఏకే మిషను ఉంది కదా, ఆ దుమ్ముకి ఎవరూ తొడుక్కోకుండానే మాస్తున్నాయి.

పక్కింటి రావమ్మక్క నిన్న కూడా అంది. "ఆ పంపు అలవాటు చేశావంటే జన్మకి వదలదు పీర్‌బీ. ఆడపిల్లాయె. రేపు పెళ్ళిచూపుల్లో సంచిలోంచి పంపు తీస్తుందా?" ఆవిడ మాట ఎప్పుడూ పుల్లవిరుపే. కానీ ఆ రాత్రి నాతోపాటు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నది ఆవిడే.

ఒక్కడిని పోగొట్టుకున్నదాన్ని. పట్టుబట్టకు. వేడినీళ్ళు తాగు, చన్నీళ్ళ స్నానం చెయ్యకు.

మీ అమ్మ, పీర్‌బీ


హాస్టలు
27 జులై 2025

అమ్మకి షహనా సలాం. నాన్నకి కూడా.

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. మా లెక్కల సారువి ఇంతకంటే వంకర.

కోప్పడకుండా చదువు. ఈ కార్యక్రమంలో మాకు షైని సిస్టరు అని ఒకావిడ ఉంది. సంతకం రాలేదని చెబితే, "మీ అమ్మ ఏమందో ఉన్నదున్నట్టు చెప్పు, నేనేమీ అనుకోను" అంది. అన్న సంగతి చెప్పాను. "మీ అన్న దగ్గర ఏ రంగు పంపు ఉండేది?" అంది. నీలం అన్నాను. "కాఫీ రంగుది?" అంది. లేదన్నాను. ఆవిడ అలమారు తెరిచి రెండు పంపులూ నా ముందు పెట్టింది.

పంపులు రెండు రకాలమ్మా. నాన్న కొట్లో దూది దగ్గర ఎవరినీ బీడీ వెలిగించనివ్వరు కదా, కాఫీ రంగు పంపు అలాంటి కాపలా. నీలం పంపు నిప్పంటుకున్నాక పోసే బిందె. బిందె అవసరమే. కానీ రోజూ నిప్పంటించుకుని రోజూ బిందె పోసుకుంటామా? కాఫీ రంగుది పీల్చిన వెంటనే ఏమీ తెలియదట. లోపల గొట్టాల వాపు మెల్లగా తగ్గిస్తుందట. అలవాటు పడటం అనేది ఉండదట. రోజూ పళ్ళు తోముకోవడం అలవాటు కాదా, అంతే అంది సిస్టరు.

అన్న ఒట్టి నీలందే వాడాడు. రోజూ వాడాల్సింది వాడికి ఎవరూ ఇవ్వలేదు.

నాకు ఈ నెలలో మూడు రాత్రులు కూర్చునే తెల్లారిందమ్మా. నీకు ఫోనులో చెప్పలేదు. సంతకం పెట్టు.

నీ షహనా


తిరువూరు
10 ఆగస్టు 2025

షహనాకి,

కాగితం ఇందులోనే ఉంది. సంతకం పెట్టాను. మీ నాన్నా పెట్టారు.

రోజూ వాడాల్సింది ఎవరూ ఇవ్వలేదని రాశావు. ఇచ్చారమ్మా. విజయవాడలో డాక్టరు రాసిన చీటీలో రెండూ ఉన్నాయి. కాఫీ రంగుది నెల పీల్చాడు. "దీనివల్ల ఏమీ తేలిక లేదమ్మా, నీలందైతే వెంటనే తగ్గుతుంది" అన్నాడు. పని చెయ్యని మందు ఎందుకని నేనే మాన్పించాను. నీకు తెలియదు కాబట్టి అలా రాశావు. తెలిసి రాశావేమో అని నాలుగు రోజులు అనుకున్నాను. తెలిసినా నువ్వు రాయవు. తెలుసు. అయినా అనుకున్నాను.

వంట చేస్తూ చేస్తూ కూర్చుండిపోతున్నాను. మీ నాన్న వచ్చి పొయ్యి ఆర్పుతున్నారు. ఏమీ అనరు. అంటే బాగుండును.

ఇకనుంచి ప్రతి ఉత్తరంలో నీ ఆయాసం ఎలా ఉందో రాయి. బాగుంది అని రాస్తే నాకు చాలదు. అందరూ బాగుంది అనే అంటారు.

కాకరకాయ వేపుడు పొడి, రెండు దుప్పట్లు వినగడప వాళ్ళ ఆటోలో బస్టాండుకి పంపి, బస్సులో వేయిస్తున్నాను. దూది దుప్పట్లు కావు, భయపడకు.

అమ్మ


హాస్టలు
12 అక్టోబర్ 2025

అమ్మా, సలాం.

అడిగావు కదా, ఇదిగో. మాకు ఊదే గొట్టం ఒకటి ఇచ్చారు. గట్టిగా ఊదితే లోపల ముల్లు కదిలి ఒక నెంబరు దగ్గర ఆగుతుంది. రోజూ పొద్దున ఊది పుస్తకంలో రాసుకోవాలి. నెంబరు ఎంత పెరిగితే ఊపిరి అంత బాగున్నట్టు. మొదటిరోజు నాది 190. ఈ వారం 270, 290, 310, 285, 300. 240 కంటే దిగితే పసుపు, 150 కంటే దిగితే ఎరుపు, వెంటనే డాక్టరు. మూడు రంగుల కార్డు గోడకి అంటించారు.

మేము తొమ్మిది మందిమి. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి సిక్‌రూము ముందు వరసగా నిలబడతాం. పంపులన్నీ అక్కడి అలమారులోనే ఉంటాయి. మమ్మల్ని చూసి మిగతా పిల్లలు, "ఏమే, గాలి కొట్టించుకోవడానికి బయల్దేరారా? ముందు టైరా, వెనక టైరా?" అంటారు. మెహనాజ్ ఊరుకోదు. "మా టైర్లలో గాలన్నా ఉంది, నీ బుర్రలో అదీ లేదు" అంది. మెహనాజ్ నా పక్క మంచం. దానికి ఆయాసం లేదు, నోరు ఉంది.

నిన్న ఖోఖోలో పరిగెత్తానమ్మా. రెండు ఆటలు. ఆగకుండా. రాత్రి పడుకుని తెల్లారాకే లేచాను. చాలా రోజులైంది అలా నిద్రపోయి.

నువ్వు అన్నం తింటున్నావా?

షహనా


తిరువూరు
9 నవంబర్ 2025

షహనా తల్లికి దువాలు.

పరిగెత్తానని రాసిన కాగితం మీ నాన్న మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో పెట్టమంటే వినడం లేదు. కొట్టుకి వచ్చిన రెడ్డిగూడెం ఆసామికి కూడా చదివి వినిపించారట. ఆయన తలగడలకి వచ్చి నీ నెంబర్లు విని పోయాడు.

నాకు సంతోషంగానే ఉంది. సంతోషం వచ్చినా కాళ్ళు లాగుతూనే ఉన్నాయి. పొద్దున లేవాలంటే ఎవరో మీద కూర్చున్నట్టు ఉంటుంది. రజబ్ నెల వస్తోంది. మీ అన్న పోయి ఏడాది. ఏడాది ఫాతిహా చెయ్యాలి. వాడికి ఇష్టమైనవి వండాలంటే ఏం ఇష్టమో మర్చిపోయినట్టు అవుతోంది, అంతలో గుర్తొస్తోంది, చెయ్యి ఆగిపోతోంది.

నాకు ఇంకొక గుబులు ఉంది. ఎవరికీ చెప్పలేదు. వాడి ఆఖరి రంజానులో పదకొండు పగళ్ళు ఉపవాసం లేడు, పదకొండు రోజాలు తప్పిపోయాయి. ఆయాసంతోనే. "తర్వాత ఉండి తీర్చుకుంటాలే" అన్నాడు. తీర్చకుండానే పోయాడు. అక్కడ వాణ్ణి అడుగుతారు కదా. ఆ పదకొండు రోజాలు ఎవరు తీరుస్తారు తల్లీ? కన్నుమూస్తే అదే, తెరిస్తే అదే. నాకు చక్కెర జబ్బు, ఒక్క పూట పస్తుంటే కళ్ళు తిరుగుతాయి. మీ నాన్నకి చెబుదామంటే ఆయన ముఖం చూసి నోరు రాదు.

ఏదో రాశాను. నువ్వు చదువుకో.

అమ్మ


హాస్టలు
30 నవంబర్ 2025

అమ్మకి సలాం.

దిగులు పెట్టుకోకు. అన్న కోసం నేను ఒకటి మొదలుపెట్టాను. ఏడాది ఫాతిహా లోపు పూర్తి చేస్తాను. ఏంటని అడగకు, అయ్యాక చెబుతాను. నీ గుబులు తీరుతుంది.

నెంబర్లు 300, 300, 300, 300.

ఇక్కడ చలి మొదలైంది. మెహనాజ్‌వాళ్ళు నెలసరికి తప్పిపోయిన రంజాను రోజాలు ఇప్పుడు తీర్చుకుంటున్నారు. పగలు చిన్నవి కదా, తేలిక అంటున్నారు.

పరీక్షలున్నాయి. ఉంటాను.

షహనా


తిరువూరు
14 డిసెంబర్ 2025

షహనాకి,

ఏంటో చెప్పవద్దులే. నాకు తెలిసిపోయింది. ఖురాను మొత్తం చదివి ఆ పుణ్యం వాడి పేరు మీద బక్షిస్తావు, అంతేగా. చిన్నప్పుడు అరబ్బీ చదవమంటే బల్ల కింద దాక్కున్నదానివి. నీ ఉత్తరం చదివి మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను. చెయ్యి తల్లీ. ఏమైనా సరే మధ్యలో ఆపకు. ఫాతిహా రోజుకి పూర్తి అయిందంటే నా గుండె మీద బరువు సగం దిగుతుంది.

ఇంకో సంగతి. నువ్వు ముందు రాసిన నెంబర్లు 270, 290, 310 అని దిగుతూ పెరుగుతూ ఉన్నాయి. ఇప్పుడు నాలుగూ 300. నేను పెద్దగా చదువుకోలేదు కానీ ఇద్దరు ఆయాసం పిల్లల్ని పెంచాను. ఊపిరి రోజూ ఒక్కలా ఉండదు. అదే బియ్యం, అదే గిన్నె, అన్నమే రోజూ ఒక్కలా ఉడకదు. ఊదడానికి బద్ధకించి ఒకే నెంబరు గీకేస్తున్నావా? మీ అన్నకీ ఇదే రోగం. ఏ పనీ కుదురుగా చెయ్యడు, అడిగితే చేశానంటాడు. వాడిలా చెయ్యకు.

అమ్మ


హాస్టలు
24 డిసెంబర్ 2025

అమ్మకి,

నేను బద్ధకించడం లేదు. రోజూ పొద్దున లేస్తున్నాను, అందరికంటే ముందే లేస్తున్నాను. నెంబరు బాగుంటే బాగున్నట్టే కదా. అన్నతో పోల్చకు. అన్నని కూడా ఏమీ అనకు.

నువ్వు ఆపకు అన్నావు. ఆపను. సగం పైన అయింది.

షహనా


తిరువూరు
18 జనవరి 2026

షహనా,

ఆసుపత్రిలో మూడు రోజులు నీ పక్కనే కూర్చున్నా నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నావు. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

ఆ సోమవారం నువ్వు పడిపోయావని ఫోను వచ్చినప్పుడు మీ నాన్న పరుపు కుడుతున్నారు. సూది చేతిలో అలాగే ఉంది. బస్సు ఎక్కి సగం దూరం వెళ్ళాక చూసుకున్నారు. దారంతా నేను ఒకటే లెక్కపెట్టుకున్నాను, ఇంకెన్ని ఊళ్ళు ఉన్నాయి, ఇంకెన్ని ఊళ్ళు ఉన్నాయి అని. నీ ముఖం మీద మాస్కు, లోపల పొగ, ఆ పొగ వెనక నీ పెదాలు. రంగు తిరిగాయని డాక్టరు అంటున్నాడు. నాకు ఏ రంగూ కనపడలేదు.

షైని సిస్టరు బయట వరండాలో నాతో అంది. "హాస్టలు వరండాకి సున్నం వేస్తున్న దుమ్ము ఒంటికి పడలేదు సరే. కానీ మందు సరిగ్గా పడుతున్న పిల్లకి ఇంత రాకూడదు అమ్మగారూ. పుస్తకంలో నెంబర్లన్నీ బాగానే ఉన్నాయి. నాకు అర్థం కావడం లేదు." మీ నాన్నని కూడా మందలించింది, సెలవులకి ఈ పిల్లని దూది గదిలో పడుకోబెట్టడానికి వీల్లేదని. ఆయన తల ఊపారు. ఇంటికి వచ్చిన మర్నాడే మిషను విప్పించి రోడ్డవతల రేకుల షెడ్డులోకి మార్పించారు. నేను పదేళ్ళుగా చెబుతున్నది.

పదో తారీకున ఫాతిహా అయింది. మసీదు హజరత్ గారు చదువుతుంటే నాకు ముబీన్ గుర్తు రాలేదు. నువ్వే గుర్తొచ్చావు. వాడి ఏడాది రోజున వాడిని తలుచుకోలేకపోయాను.

ఇప్పుడు విను. నాకు ఆ మందు మీద నమ్మకం పోయింది. రెండు పూటలా పీల్చావు, నెలనెలా డాక్టరు చూశాడు, అయినా నిన్ను మాస్కు పెట్టి పడుకోబెట్టారు. రావమ్మక్క మాటే నిజమైంది. ఈ నెలాఖరుకి వచ్చి నా సంతకం వెనక్కి తీసుకుంటాను, నిన్నూ తీసుకొస్తాను. చదువు ఇక్కడే చదువుకో, చదవకపోయినా సరే. నా కళ్ళ ముందు ఉంటే చాలు.

వేరే సంగతి ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు.

అమ్మ


హాస్టలు, సిక్‌రూము
25 జనవరి 2026

అమ్మకి సలాం.

సంతకం వెనక్కి తీసుకోకమ్మా. మందు తప్పు కాదు. నేను పీల్చలేదు.

నేను ఖురాను మొత్తం చదువుతున్నానని నువ్వు అనుకున్నావు. కాదు. అన్న రోజాలు ఉన్నాను. నువ్వు ఎవరు తీరుస్తారు అని రాశావు కదా. ఇంట్లో నీకు చక్కెర, నాన్నకి చెప్పలేదన్నావు, ఇక నేనే కదా మిగిలింది. నెలసరి రోజులు, పరీక్ష రోజులు తప్పించి సోమవారాలు, గురువారాలు ఉన్నాను. అడిగినవాళ్ళకి, నాకు నెలసరికి తప్పినవి తీర్చుకుంటున్నానని చెప్పాను. మెహనాజ్‌వాళ్ళు కూడా ఉంటున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మెహనాజ్ నా కోసం రాత్రి రొట్టెలు దాచిపెట్టేది. దానికీ అసలు సంగతి తెలియదు. దాన్ని తిట్టకు.

పంపు పీలిస్తే రోజా పోతుంది కదా. తెల్లారకముందు సహరీ తినే వేళకి అలమారు తాళం వేసి ఉంటుంది. ఏడింటికి వరసలో నిలబడేదాన్ని, నోట్లో పెట్టుకుని నొక్కేదాన్ని, లోపలికి పీల్చేదాన్ని కాదు. ముందు రోజా రోజుల్లోనే అలా చేశాను. తర్వాత మామూలు రోజుల్లో పీలిస్తే, పీల్చని రోజుకీ దానికీ తేడా చూసేవాళ్ళు పట్టేస్తారేమోనని పొద్దున పూట అసలే మానేశాను. నెంబరు 230 వచ్చింది, తర్వాత 210. రాస్తే సిస్టరు రోజా మాన్పిస్తుంది. 300 రాశాను. నువ్వు కనిపెట్టావు. నాకు భయం వేసి నీ మీద కోపంగా రాశాను.

ఆ సోమవారం పదోది. మధ్యాహ్నం వరండాకి సున్నం కొడుతున్నారు. ఛాతీ బిగిసింది. నీలం పంపు తెచ్చుకోమని మెహనాజ్ అంది. సాయంత్రం దాకా ఆగితే అయిపోతుంది కదా అనుకున్నాను. నాలుగింటి దాకా ఆగాను. ఆ తర్వాత నాకు గుర్తులేదు.

తొమ్మిది పూర్తి అయ్యాయమ్మా. పదోది ఆసుపత్రిలో విరిగిపోయింది. ఇంకా రెండు ఉన్నాయి. ఫాతిహా కూడా అయిపోయింది. తొమ్మిదైనా అన్నకి అందుతాయా? హజరత్ గారిని అడిగి చెప్పు. మిగతా రెండూ ఎండాకాలం సెలవుల్లో నీ దగ్గర ఉండి తీరుస్తాను.

సిస్టరుకి నిజం చెప్పేశాను. తిట్టలేదు. పుస్తకం మూసి, నా మంచం మీద కూర్చుని, "నెంబరు తగ్గితే తగ్గిందని రాయడానికే కదా తల్లీ ఈ పుస్తకం" అంది. అంతే.

నీ గుండె బరువు సగం దింపుదామనుకున్నాను. క్షమించు.

షహనా


తిరువూరు
13 ఫిబ్రవరి 2026

నా షహనాకి,

నీ ఉత్తరం చదివి మూడుసార్లు రాయడం మొదలుపెట్టాను, మూడూ చింపేశాను. ఇది చింపను. ఎలా వస్తే అలా పంపుతాను.

నేను రాసింది నీకు పని చెప్పడానికి కాదు తల్లీ. ఎవరితోనన్నా చెప్పుకోవాలి కదా, నీతో చెప్పుకున్నాను. నీకు పద్నాలుగేళ్ళని మర్చిపోయాను. పైగా మధ్యలో ఆపకు అని రాశాను. ఈ చేత్తోనే రాశాను. నువ్వు ఊపిరి బిగబట్టుకుని నాలుగింటి దాకా ఎదురుచూసింది ఆ మాట కోసమే. నువ్వు నన్ను క్షమించమని అడుగుతున్నావు.

హజరత్ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య లోపల కూర్చోబెట్టింది, ఆయన గుమ్మం దగ్గర కూర్చున్నారు. మొత్తం చెప్పాను.

"ఒకరి రోజా ఒకరు ఉండేది కాదమ్మా" అన్నారు. "అది అన్నం లాంటిది. నువ్వు తింటే నా ఆకలి తీరుతుందా? రోగంతో వదిలినవాటికి, తీర్చలేక పోయినవాడి పేరు మీద రోజుకి ఒక పేదవాడికి అన్నం పెడితే చాలు. ముందే వచ్చి ఒక్క మాట అడిగితే పోయేది."

"అడగాలని తోచలేదండి" అన్నాను.

"మరి ఆ పిల్ల ఎలా ఉంది?"

"ఉందండి."

"చెప్పండి ఆ పిల్లకి. రోగం ఉన్నవాళ్ళకి అల్లా సెలవిచ్చాడు. ఆయన ఇచ్చిన సెలవు నాకొద్దంటే అది భక్తి కాదు, పెంకితనం."

పోయిన శుక్రవారం వండాను. పప్పుచారు, కోడికూర. మీ నాన్నకి కూడా అంతా చెప్పాను. ఆయనే క్యారేజీలు మోసుకొచ్చారు. బస్టాండు వెనక ఉండేవాళ్ళు పదకొండు మంది తిన్నారు. ఒక ముసలాయన రెండోసారి అడిగాడు. పెట్టాను. మీ అన్నవి అయిపోయాయి. ఎండాకాలం సెలవుల్లో నువ్వు తీర్చాల్సింది ఏమీ లేదు.

కానీ హజరత్ గారికి చెప్పనిది ఒకటుంది. మీ నాన్నకీ చెప్పలేదు. నీకు చెబుతాను. ఇది కూడా నీ మీద వెయ్యడం కాదు, నీకు తెలియాలి.

ఆ పదకొండు రోజాలు మీ అన్న వదల్లేదు. రాత్రంతా కూర్చుని దగ్గి దగ్గి, సరిగ్గా సహరీ వేళకి వాడికి కన్ను అంటుకునేది. మసీదు మైకులో లేవండి లేవండి అని పిలుస్తుంటే మీ నాన్న "వాణ్ణి లేపు" అనేవారు. నేను వెళ్ళేదాన్ని. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి ఛాతీ మీద వేసుకుని నిద్రపోతూ ఉండేవాడు. కాసేపు నిలబడి చూసి, వెనక్కి వచ్చి, "లేపాను, లేవలేదు" అని చెప్పేదాన్ని. పదకొండు రోజులూ అదే అబద్ధం. పొద్దున వాడు లేచి నా మీద అరిచేవాడు. "క్లాసులో అందరూ ఉన్నారు, నేనొక్కణ్ణే తినాలా? నువ్వు అసలు లేపావా?" అని. లేపానురా అనేదాన్ని. ఒకసారి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు ఉన్న గుబులు అది. వాడిని అక్కడ అడుగుతారని కాదు, నా వల్ల అడుగుతారని. ఆ మాట రాయలేక, ఆయాసంతో తప్పిపోయాయని రాశాను. నువ్వు దాన్ని నెత్తిన ఎత్తుకున్నావు.

నీ ఉత్తరం వచ్చాక రోజూ ఇదే ఆలోచన. కాఫీ రంగు పంపు మాన్పించిందీ నేనే, నిద్ర లేపనిదీ నేనే. ఏడాది నుంచి రెండూ కలిపి ఒకే తప్పుగా మోస్తున్నాను. కాదు. మొదటిది తప్పు, అది నాతోనే పోతుంది. రెండోది తప్పు కాదు షహనా. వాడి ఆఖరి ఏడాదిలో నేను వాడికి చేసిన మంచి ఏదన్నా ఉంటే ఆ పదకొండు నిద్రలే.

సంతకం వెనక్కి తీసుకోను. నిన్న షైని సిస్టరుతో నేనే ఫోనులో మాట్లాడాను. ఏడవలేదు. వచ్చే వారం రంజాను. డాక్టరు చూసి నువ్వు ఉండవచ్చంటే ఉండు, సహరీ వేళకి ఒకసారి, ఇఫ్తార్ అయ్యాక ఒకసారి పంపు ఇస్తామంది. ఆ వేళకి ఆవిడే వచ్చి అలమారు తాళం తీస్తుందట. మధ్యలో ఛాతీ బిగిస్తే నీలం పంపు పీల్చు, రోజా పోతే పోనీ, సాయంత్రం దాకా ఆగకు. డాక్టరు వద్దంటే అసలు ఉండకు. మధ్యాహ్నం అందరి ముందూ కూర్చుని, దాక్కోకుండా అన్నం తిను.

తెల్లవారుజామున నీ గదిలో అందరూ లేస్తారు. దీపాలు వేస్తారు, గిన్నెలు మోగుతాయి. నీకు మెలకువ వస్తే పక్కకి తిరిగి పడుకో. షహనా ఎందుకు లేవలేదని ఎవరన్నా అడిగితే, మా అమ్మ లేపొద్దంది అని చెప్పు.

పీర్‌బీ